పొదిలి దారిలో ఢిల్లీ తూము

మీలో చాలామంది పొదిలి చూసి ఉండరు. చూడడానికి అక్కడేముందంటే కొండ ఉంది, ఎండ ఉంది, పొగాకు ఆరబెట్టే బ్యారన్లు ఉన్నాయి. నేనూ చూడడానికి పోలేదు. కాశింబీ ఫోన్ చేస్తే పోయాను.

కాశింబీ నాకు చుట్టం కాదు. వాళ్ళ నాన్న మస్తాన్ ఎడ్ల బేరగాడు. పడుచుతనంలో పొదిలి వైపు ఎడ్లు కొనడానికి పోయినప్పుడల్లా వాళ్ళింట్లోనే దిగేవాణ్ణి. మస్తాన్ పోయినా ఆ పిల్ల నన్ను బాబాయ్ అనడం మానలేదు. ఇప్పుడు ఆ పిల్లకి యాభై దాటాయి. భర్త లేడు. హైవే పక్కన మూడెకరాల మిరప చేను ఉంది, అదే బతుకు.

"బాబాయ్, మొన్నటి వానకి చేలో మోకాలి లోతు నీళ్ళు నిలబడ్డయ్. రోడ్డు కింద తూము పూడిపోయింది, నీళ్ళు అవతలికి పోవట్లా. తోడి పోసుకున్నా, మొక్కలు వాలిపోతానే ఉన్నయ్. మళ్ళీ అల్పపీడనం అంటన్నారు. ఇంకొక్క వాన పడితే వేళ్ళు కుళ్ళిపోతయ్. ఇక నాకు చేను లేదు."

"తూము తీయించరాదూ?"

"తీయనిస్తేగా! అది నేషనల్ హైవే, ఢిల్లీ వాళ్ళ తూము, చెయ్యి పెడితే కేసవుద్దని ఊరంతా ఒకటే మాట."

నీళ్ళలో మునిగేది పొదిలి చేను, తూము ఢిల్లీదా! ఆ మాటతో నాకు ఒళ్ళు మండింది. తెల్లారి బస్సెక్కాను.

సత్తెనపల్లి

ఎందుకంత మంట అంటారేమో. సత్తెనపల్లిలో మా ఇంటి గడప దాటకుండానే నేను రాష్ట్రాలు మారినవాణ్ణి. పుట్టింది మద్రాసు ఏలుబడిలో. పలక పట్టింది ఆంధ్ర రాష్ట్రంలో. అప్పుడు హైకోర్టు మా గుంటూరులోనే ఉండేది, నల్లకోట్లు చూపిస్తానని మా నాన్న బండి కట్టించుకుని తీసుకుపోయాడు. మీసాలొచ్చింది ఆంధ్రప్రదేశ్‌లో. ముసలితనంలో దాన్నీ రెండు చేశారు. గుంటూరు జిల్లా వాణ్ణి కాస్తా ఈమధ్య పల్నాడు జిల్లా వాణ్ణయ్యాను. ఇన్నిసార్లలో ఒక్కడొచ్చి "ఏమయ్యా వీరయ్యా, నీకిష్టమేనా?" అని అడిగాడా?

అమెరికాలో అయితే ఒక రాష్ట్రాన్ని విడగొట్టాలన్నా, రెంటిని కలపాలన్నా ఆ రాష్ట్రాల శాసనసభలు ఒప్పుకుని తీరాలి. అది వాళ్ళ రాజ్యాంగంలో రాసి ఉంది. మన దగ్గర శాసనసభ అభిప్రాయం అడుగుతారు, వినాలని లేదు.

ఐదో తరగతితో బడి మానేసిన వాడికి ఇవన్నీ ఎట్లా తెలుసంటే, నా చిన్నతనంలో అమెరికా వాళ్ళు గోధుమలతో పాటు తెలుగులో అచ్చేసిన పుస్తకాలు కూడా ఊరికే పంపేవాళ్ళు. ఆ గోధుమ రవ్వ మా ఇంట్లో ఎవరికీ పడలేదు. పుస్తకం మాత్రం నేను అట్ట ఊడేదాకా చదివాను. ఆ తర్వాత దొరికిందల్లా చదివాను. ఎవరూ చెప్పకుండా నేర్చుకున్న చదువుకి కోపం ఎక్కువ. ఆ కోపంతోనే నేరుగా పొదిలి పోకుండా ముందు గుంటూరు దారి పట్టాను. చేతిలో గట్టి మాట ఒకటి ఉంటే మంచిదని.

బ్రాడీపేట

గుంటూరు బ్రాడీపేటలో ఒకప్పుడు ఇళ్ళ మధ్య బడులుండేవి. ఇప్పుడు కోచింగ్ సెంటర్ల మధ్య ఇళ్ళున్నాయి. ఆటోలు, స్కూటర్లు తప్పించుకుని సుబ్రహ్మణ్య శాస్త్రిగారి మేడ ఎక్కేసరికి నాకు ఆయాసం వచ్చింది. ఆయన రిటైరైన లెక్చరర్. గ్రూప్స్ రాసే పిల్లలకి పాలిటీ చెబుతారు. మేమిద్దరం ఏళ్ళ తరబడి పోట్లాడుకుంటున్నాం, అందుకే స్నేహం నిలిచింది.

"రండి వీరయ్యగారూ, ఇవాళ ఎవరి మీద?" అన్నారు నన్ను చూడగానే.

"ఢిల్లీ మీద."

"అయితే భోంచేసి తిట్టండి. ఓపిక కావాలి."

విస్తళ్ళు వేశారు. అన్నం, పప్పు వడ్డించి, కార్తీక మాసం కదా, పక్కన పులిహోర పెట్టారు ఆయన శ్రీమతి. నేను తూము సంగతి చెప్పి, మన కంటే అమెరికా నయమన్నాను. శాస్త్రిగారు విస్తరి వైపు చెయ్యి చూపించారు.

"చూడండి. అన్నం ఇటు, పప్పు అటు. మొదట్లో వాళ్ళు ఇట్లాగే పంచుకున్నారు. సైన్యం, నాణెం, పరాయి దేశాలతో ఒప్పందాలు, రాష్ట్రాల మధ్య వర్తకం కేంద్రానికి. బళ్ళు, పోలీసులు, పెళ్ళిళ్ళు, భూములు రాష్ట్రాలకి. పన్నులు ఇద్దరూ వేసుకోవచ్చు. కేంద్రానికి ఇచ్చినవి ఇవీ అని రాసుకుని, ఇవ్వనివన్నీ రాష్ట్రాలవి, లేదా ప్రజలవి అన్నారు. మనం దాన్ని తిరగేశాం. జాబితాల్లో లేని మిగులంతా ఢిల్లీకి."

"అదే నేననేది!"

"ఆగండి. ఇప్పుడక్కడ కూడా విస్తట్లో వేరువేరుగా ఏం లేదు, అంతా పులిహోరే. పెద్ద రహదారులకి డబ్బు చాలావరకు వాషింగ్టన్‌ది, రోడ్డు రాష్ట్రానిది. డబ్బిచ్చేవాడు ఊరుకుంటాడా? ఇరవై ఒక్కేళ్ళు నిండని వాళ్ళకి మద్యం దొరికే రాష్ట్రానికి రహదారి నిధుల్లో కోత పెడతానన్నాడు. రాష్ట్రాలన్నీ దారికొచ్చాయి. చట్టం వాళ్ళదే, మెడ మీద చెయ్యి కేంద్రానిది."

"అయినా నయమే. గంజాయి సంగతి చదివాను. కేంద్రం నేరమంటే, కొన్ని రాష్ట్రాల్లో దుకాణం పెట్టి అమ్ముతున్నారటగా?"

"అవును. కేంద్రం తన మనుషుల్ని పంపుకోవచ్చు గానీ, మీ పోలీసులతో పట్టించండని రాష్ట్రాన్ని ఆజ్ఞాపించడానికి లేదు."

లోపల్నించి ఆవిడ గొంతు: "ఈ వయసులో మీ ఇద్దరికీ గంజాయి కబుర్లా? మజ్జిగ పోసుకోండి!"

నేను వదల్లేదు. "అక్కడ గవర్నర్ని జనం ఓటేసి ఎన్నుకుంటారు. ఇక్కడ పై నుంచి దింపుతారు. దగ్గరున్న వాడి చేతిలో అధికారం ఉంటేనే మనిషికి న్యాయం."

శాస్త్రిగారి మొహంలో నవ్వు పోయింది. "దగ్గరున్న వాడు మంచివాడని మీకెవరు చెప్పారు? ఆ రాష్ట్రాల హక్కుల పేరు చెప్పే అక్కడ బానిసల్ని ఉంచుకున్నారు. ఆ తర్వాత నల్లవాళ్ళ పిల్లల్ని బడి గుమ్మం ఎక్కనివ్వలేదు. దూరాన్నుంచి కేంద్రం సైనికుల్ని పంపి పిల్లల్ని బళ్ళో కూర్చోబెట్టాల్సి వచ్చింది."

నేను పులిహోర మీద పడ్డాను.

చేతులు కడుక్కున్నాక ఆయనే అన్నారు: "మీ తూము సంగతి తేలిక కాదు. రోడ్డు కేంద్రానిది. కట్టిందీ చూసేదీ చాలాచోట్ల రాష్ట్ర ఇంజనీర్లే. కింద పారే నీళ్ళు రాష్ట్రానివి. అవతల నీళ్ళు దిగే డొంక పంచాయతీది. ముగ్గురికీ అర్జీలు పెట్టించండి."

"అర్జీ ఢిల్లీ చేరేలోపు అల్పపీడనం పొదిలి చేరుద్ది శాస్త్రిగారూ. ముందు నేను పోయి చూసొస్తా."

"చూసి ఏం చేస్తారు?"

"చూడకుండా ఎట్లా చెప్పేది?"

అద్దంకి

మర్నాడు పొద్దున్నే పొదిలి బస్సు. చిలకలూరిపేట దాటాక రెండు పక్కలా పత్తి పగిలి తెల్లగా ఉంది. మొన్నటి వానకి తడిసిన చేలల్లో మాత్రం దూది ఊడి కాయలకి గడ్డంలా వేలాడుతోంది. చూడలేక తల తిప్పుకున్నాను.

నా పక్కన పత్తితీతకి పోయే ఆవిడ కూర్చుంది. ఆడవాళ్ళకి ఇప్పుడు బస్సు ఉచితం గదా, కండక్టర్ ఆవిడకి సున్నా టికెట్టిచ్చి, నా దగ్గర డబ్బులు తీసుకున్నాడు.

"ఇది రాష్ట్రం పని," అన్నాను ఆవిడతో. "బస్సు రాష్ట్రానిది. కింద రోడ్డు మాత్రం కేంద్రానిది."

"అట్టాగా," అందావిడ. "మరి గుంతలెవరియ్యి తాతా?"

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ, ఆవిడని ఊరికే వదలబుద్ధి కాలేదు. రేషన్ బియ్యంలో కేంద్రం వాటా ఎంతో, రాష్ట్రం వాటా ఎంతో తెలుసా అన్నాను.

"వండినాక తెలుసుద్దా ఏంది? పురుగుంటే మాత్రం ఇద్దర్నీ తిడతా."

అద్దంకిలో టీకి దిగాను. టీ పదిహేను రూపాయలు, నాలుగు మిరపకాయ బజ్జీలు ముప్పై. మా వైపు బజ్జీలో వాము కూరతారు. ఇక్కడ నిలువునా చీల్చి ఉల్లిపాయ ముక్కలు, నిమ్మరసం వేశారు. అదీ బాగుంది. ఆ బాగుండటంలో బస్సు కదిలింది. సంచీ బస్సులో, బజ్జీ నోట్లో, నేను రోడ్డు మీద. అరవడానికి నోరు ఖాళీ లేదు. లోపల్నించి ఆవిడే అరిచింది: "ఒరేయ్ డ్రైవరూ, ఆపరా! డబ్బులిచ్చిన ఒక్క ముసలాయన్నీ దించేసి పోతావా?"

ఎక్కాక ఆవిడకి ఒక బజ్జీ ఇచ్చాను. "ఇది కేంద్రమా, రాష్ట్రమా?" అని అడిగి మరీ తిన్నది. దర్శి దగ్గర దిగిపోయింది. పేరు అడగడం మరిచాను.

పొదిలి

మాది సాగర్ కాలవ కింది నేల. మా గొడవలన్నీ నీళ్ళు రాలేదనే. పొదిలి వైపు కాలవ లేదు, వానే దిక్కు. నేను ఎడ్లు తోలుకుపోయిన రోజుల్లో ఇది నెల్లూరు జిల్లా. జిల్లా పేరు మారింది గానీ మబ్బు కోసం తలెత్తి చూసే అలవాటు మారలేదు. అలాంటి చోట చేను నీళ్ళలో మునిగిందంటే వినడానికే వింత.

కాశింబీ వాళ్ళది పొదిలి దాటి కనిగిరి దారిలో ఒక ఊరు. పేరు రాయను. ఊళ్ళో తగువు ఊళ్ళోనే ఉండాలి.

మా పల్నాడులో మనిషి గుమ్మంలోకి రాగానే "ఏం పని మీద?" అంటాం. అక్కడ మంచినీళ్ళిచ్చి, అన్నం పెట్టి, చెయ్యి కడుక్కున్నాక గానీ అడగరు. జొన్నరొట్టె, గోంగూర పచ్చడి, పచ్చి ఉల్లిపాయ పెట్టింది కాశింబీ. ఆ పిల్ల మాత్రం తినలేదు. గుమ్మంలో నిలబడి ఆకాశం చూస్తూనే ఉంది.

"మబ్బు తూర్పు నించి వస్తంది బాబాయ్."

"పద," అన్నాను.

తూము దగ్గర

హైవే ఏనుగు వీపులా ఎత్తుగా ఉంది. పైన లారీలు. ఇవతల కాశింబీ చేను. నీళ్ళు ఇంకినంత మేర మన్ను బంకలా పట్టి, పూత మీదున్న మొక్కలు తలలు వాల్చాయి. కింది వరసలు అప్పుడే పసుపు తిరిగాయి. మిరప ఎన్ని రోజులు ఓర్చుకుంటుందో నాకు తెలుసు. ఎక్కువ ఓర్చుకోదు.

అవతలి పక్క మాలకొండయ్య చేను. అరవై ఏళ్ళ మనిషి, గొంతు పెద్దది. మమ్మల్ని చూసి గట్టు మీద నించే కేకేశాడు. కేక విని ఊళ్ళో నలుగురు చేరారు.

"ఏంది పెద్దాయనా, యాడ నించి? అది ఢిల్లీ తూము. చెయ్యి పెట్టినావంటే జైలే!"

రోడ్డు దాటి వాడి చేను వైపు దిగి, మోకాళ్ళ మీద కూర్చుని తూములోకి చూశాను. డెబ్బై తొమ్మిదేళ్ళ వాడు మోకాళ్ళ మీద కూర్చోవడం తేలికే, లేవడమే కష్టం. చెయ్యి పెట్టి లాగితే కంది కట్టె వచ్చింది. దాని వెనక మట్టి నింపి కుట్టిన సంచులు.

"ఏమయ్యా మాలకొండయ్యా, ఢిల్లీ వాళ్ళు యూరియా సంచులతో పూడుస్తారా తూముల్ని?"

జనంలో ఎవడో కిసుక్కున నవ్వాడు. మాలకొండయ్య మొహం ఎర్రబడింది.

ఇన్ని రోజులూ ఢిల్లీ ఢిల్లీ అన్నది ఈ సంచుల్ని దాచడానికా! శాస్త్రిగారు దగ్గరున్న వాడి గురించి అన్నది గుర్తొచ్చి నాకు సిగ్గేసింది. బస్సులో ఇంత దూరం నేను తిట్టుకుంటూ వచ్చింది ఎవర్ని!

"అవును, నేనే మూసినా!" అన్నాడు మాలకొండయ్య. "ఆమె చేలో నీళ్ళు నా చేలో పోసుకోమంటావా? నాదీ మిరపే. నాకూ కడుపుంది."

అది అబద్ధం కాదు. తూము తీస్తే నీళ్ళు నేరుగా అతని సాళ్ళ మీద పడతాయి. మరి వెనకటి రోజుల్లో ఎటు పోయేవి? ఇక్కడ వాగుండేది. నేను ఎడ్లతో దాటాను.

"వాగు ఇదిగో, తూముకి తిన్నగా పోయేది," అన్నాను ధీమాగా. ఒకడు గడ్డపారతో తవ్వాడు. నల్లరేగడి. ఇంకా తవ్వాడు. నల్లరేగడే.

"తాతా, నీ వాగు ఏ ఊళ్ళోదో!" అన్నారు. మాలకొండయ్య అందరికంటే గట్టిగా నవ్వాడు.

కాశింబీ గడ్డపార లాక్కుంది. "బాబాయ్ తప్పు చెప్పాడు. తిన్నగా పోయేది కాదు, ఏటవాలుగా పోయేది. మా నాన్న ఎడ్లని కడిగేది ఈడ." మాలకొండయ్య చేను అంచున నాలుగు సాళ్ళ మధ్యకి పోయి పొడవడం మొదలుపెట్టింది. అతను అడ్డం రాలేదు. మూరెడు లోతుకి నలుపు పోయి ఇసక వచ్చింది. వాగు పారిన చోట పైన ఎంత దున్నినా కింద ఇసక చెరగదు.

మాలకొండయ్య వంగి గుప్పెడు తీసుకుని వేళ్ళ మధ్య జార్చాడు.

"మా నాయన దున్నినాడు," అన్నాడు, గొంతు తగ్గించి. "అప్పట్లో ఏళ్ళకేళ్ళు చుక్క పళ్ళా. వాగని పేరే గానీ అందులో కుక్క తాగడానికి నీళ్ళుండేవి కావు. ఊరికే ఉన్న నేల గదా అని దున్నినాడు. తప్పేముంది?"

తప్పేమీ లేదు. కరువు సీమలో నీళ్ళకి దారి వదలాలన్న సంగతి మరిచిపోవడం మనిషికి సహజం.

తువ్వాలు కింద

"ఇప్పుడు వాగు తీస్తే నాలుగు సాళ్ళు పోతయ్ నాకు. ఆమెకేం పోద్ది?" అన్నాడు. నలుగురిలో ఒప్పుకుంటే పరువు పోతుందని అతని బాధ. అది కళ్ళలో కనిపిస్తూనే ఉంది.

నేను భుజం మీది తువ్వాలు తీశాను. ఎడ్ల సంతలో బేరం నోటితో చెయ్యరు. బేరగాడు తువ్వాలు కప్పి, కింద వేళ్ళు పట్టుకుని ధర చెబుతాడు. చుట్టూ ఉన్నవాళ్ళకి ఎవడెంత తగ్గాడో తెలియదు. మస్తాన్ దగ్గర నేను చూసి నేర్చుకున్న విద్య. ఒక్కో వేలు ఒక్కో సాలు అనుకున్నాం.

మాలకొండయ్య నాలుగు వేళ్ళూ నా చేతిలో పెట్టాడు. కోతలప్పుడు కాశింబీ చేలో నాలుగు సాళ్ళ కాయ తనకి రావాలని. కాశింబీ దగ్గరికి పోయి తువ్వాలు కప్పాను. ఒక్క వేలు పెట్టింది. బేరగాడి కూతురు మరి! మళ్ళీ అటు పోయాను. మూడు. ఇటొచ్చాను. ఆ పిల్ల ఒకటి మీదే బిగదీసుకుని, "తవ్వే పని కూడా నాదేనని చెప్పు" అంది చెవిలో. తూర్పున ఉరిమింది. మాలకొండయ్య తలెత్తి చూశాడు, ఆ పిల్లా చూసింది. ఈసారి ఇద్దరి చేతుల్లోనూ రెండు వేళ్ళే తగిలాయి.

నష్టం చెరి సగం. ఎవరు దిగారో, ఎవరు ఎక్కారో ఊరికి తెలియలేదు. ఢిల్లీకీ అమరావతికీ మధ్య కూడా ఎవడైనా ఒక తువ్వాలు కప్పితే బాగుండును.

తవ్వే పని కాశింబీదే గానీ మాలకొండయ్య నిలబడి చూడలేకపోయాడు. పూత మీదున్న నాలుగు సాళ్ళ మొక్కలూ తనే పీకి, పారతో చేను చివరి డొంక దాకా వాగు గీశాడు. జనం కూడా చెయ్యేశారు. కడపటి సంచి లాగుతుండగా చినుకు మొదలైంది.

వాన

పెద్ద వాన. రోడ్డు మీద లారీలు దీపాలేసుకుని నిలిచిపోయాయి. కాశింబీ చేలో నీళ్ళు ఒక్క నిమిషం తచ్చాడి, తూము వైపు తిరిగి, అత్తారింటి గుమ్మంలో కొత్త కోడలిలా ఆగి, ఒక్కసారి లోపలికి దూకాయి. అవతల ఇసక దారి పట్టాయి. ఒకచోట గట్టు తెగితే మాలకొండయ్య తడుస్తూ పరిగెత్తి మట్టి వేశాడు, నోటికొచ్చినట్టు వానని తిడుతూ.

అప్పుడే ఒక జీపొచ్చి ఆగింది. రోడ్డు చూసుకునే మనిషి, గొడుగేసుకుని దిగాడు. పీకి పడేసిన సంచుల్ని, కట్టెని చూశాడు.

"ఎవరు ముట్టుకుంది తూముని? పర్మిషన్ ఉందా? ఇది నేషనల్ హైవే తెలుసా?"

శాస్త్రిగారి దగ్గర సంపాదించిన మాటలన్నీ నా నోటిదాకా వచ్చాయి. నేను నోరు తెరిచేలోగా మాలకొండయ్య పార పుచ్చుకుని గట్టెక్కాడు.

"మూసినప్పుడు రాలేదేం సార్? మూసింది నేనే, తీసింది నేనే. మాలకొండయ్య. రాసుకో."

కాశింబీ చేలో నించి కేకేసింది: "కాశింబీ కూడా అని రాసుకోండి!"

ఆ మనిషి నా వైపు తిరిగాడు. "మీరెవరు? మీదే ఊరు?"

"వీరయ్య. సత్తెనపల్లి," అన్నాను. "అక్షరం తప్పు లేకుండా రాయండి బాబూ. పిలిస్తే వస్తాను."